కారుకూ కీళ్ళనొప్పులే!

రోడ్డు తిన్నగా ఉన్నా కొందరు డ్రైవర్లు స్టీరింగు చక్రాన్ని కాస్త ఇటూ కాస్త అటూ తిప్పుతూనే ఉంటారు. మీరు గమనించే ఉంటారు. "పాతబండి కదా, ఆమాత్రం ప్లే ఉంటుంది" అని సరిపెట్టుకుంటాం. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న తోటపల్లి గూడూరు. ఒకనాటి ఉదయం మా అమ్మను కారులో నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళబోతున్నాను. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు చేసిన మా తమ్ముడి కొడుకు ముందు చక్రం పక్కన కూర్చుని చూసి, "పెదనాయనా! ఇవాళ బస్సులో పొండి. ఈ బండి రోడ్డెక్కకూడదు" అన్నాడు.

వాడికి ఏం కనిపించింది? అది తెలియాలంటే ముందు స్టీరింగు సంగతి తెలుసుకోవాలి.

ఎడ్లబండికి రెండే చక్రాలు. ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. నాలుగు చక్రాల కారులో ముందు చక్రాలను మనమే తిప్పాలి. అదీ రెండింటినీ సమానంగా కాదు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీదా, బయటి చక్రం పెద్ద వలయం మీదా నడుస్తాయి. కాబట్టి లోపలి చక్రం కాస్త ఎక్కువ తిరగాలి. ఇందుకు తగిన అమరిక గుర్రపుబండ్ల కాలంలోనే వచ్చింది. మ్యూనిక్ నగరానికి చెందిన లాంకెన్‌స్పెర్గర్ దాన్ని కనిపెడితే, రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు.

కారులో స్టీరింగు కడ్డీ కింది కొసన పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది తిరిగితే రాక్ అనే పళ్ళకడ్డీ పక్కకు జరుగుతుంది. రాక్ రెండు కొసలకూ టై రాడ్లు ఉంటాయి. అవి చక్రాలకు బిగించిన స్టీరింగ్ ఆర్మ్‌లను నెడతాయి, లాగుతాయి. అంబాసిడర్‌లోనూ, మారుతి 800లోనూ ఉన్నది ఈ పద్ధతే.

ఇక్కడొక చిక్కుంది. చక్రం పక్కలకు తిరగడమే కాదు, గుంటల్లో పడి పైకీ కిందికీ ఊగుతుంది కూడా. టై రాడ్డును ఆర్మ్‌కు గట్టిగా బోల్టు వేసి బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే ఆ రెండూ కలిసేచోట బాల్ జాయింట్ పెడతారు. నున్నటి ఉక్కు గుండు ఒక గిన్నెలో ఇమిడి ఉంటుంది. మన తుంటి కీలు కూడా ఇలాంటిదే. మీ కుడి పిడికిలిని ఎడమ గుప్పిట్లో బిగించి తిప్పి చూడండి. అన్ని వైపులకూ తిరుగుతుంది, కానీ ఊడిరాదు. కీలు ధర్మమే అది: కదలాలి, కానీ వదులు కాకూడదు.

మన కీళ్ళలో జిగట ద్రవం ఉన్నట్లే ఈ కీలులో గ్రీజు ఉంటుంది. గ్రీజు బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా రబ్బరు తొడుగు ఉంటుంది. ఎండకూ వయసుకూ ఆ తొడుగు పగులుతుంది. మా కారుకు జరిగింది అదే. పగులులోంచి ఇసుకా, నీళ్ళూ లోపలికి చేరాయి. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ, ఆక్సిజనూ కావాలి. ఉప్పు తోడైతే తుప్పు వేగం పెరుగుతుంది, ఎందుకంటే ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. సముద్రపు గాలీ, రొయ్యల గుంటల నీళ్ళూ ఉన్న మా ఊళ్ళో ఆ రెండింటికీ కొదవ లేదు. ఇసుకా, తుప్పూ కలిసి ఆకురాయిలా గుండును అరగదీస్తాయి. సందు పెరిగిన కొద్దీ ప్రతి గుంటలోనూ గుండు గిన్నెకు కొట్టుకుంటుంది. దానితో సందు ఇంకా పెరుగుతుంది. ఆఖరికి ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడివస్తుంది. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా ఆ చక్రం తన దారి తనదే.

మావాడు చేసిన పరీక్ష చాలా తేలిక. చక్రాన్ని జాకీతో నేల మీంచి లేపాడు. టైరును కుడి ఎడమల పట్టుకుని ఇటూ అటూ కదిపాడు. 'టక్ టక్' మంది. జాయింటు మీద నా వేలు పెట్టించాడు. దెబ్బ వేలికి తెలిసింది. టైరును పైనా కిందా పట్టుకుని కదిపినప్పుడు చప్పుడు వస్తే తప్పు వేరేచోట, అంటే చక్రం బేరింగులోనో కింది బాల్ జాయింటులోనో ఉండవచ్చు.

మేము బస్సులోనే ఆసుపత్రికి వెళ్ళాం. వచ్చేటప్పుడు కొత్త టై రాడ్ ఎండ్ తెచ్చాను. ఆదివారం వేపచెట్టు కింద పని మొదలైంది. మావాడు వెనుక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాడు. కారును లేపాక ఇనుప స్టాండ్ల మీద నిలిపాడు. జాకీని నమ్మి కారు కింద దూరకూడదు. ఇటుకలూ పనికిరావు, పగిలిపోతాయి.

తరువాత టై రాడ్డు మీది లాక్ నట్టును కాస్త వదులు చేశాడు. గుండు కాడకు ఉన్న స్ప్లిట్ పిన్ను లాగి నట్టు విప్పాడు. అయినా కాడ ఊడిరాలేదు! ఎందుకంటే అది సీసా బిరడాలా ఒక కొసకు సన్నబడి ఉంటుంది. నట్టు బిగించిన కొద్దీ రంధ్రంలో ఇరుక్కుని కూర్చుంటుంది. మావాడు కాడను కొట్టకుండా ఆర్మ్ రంధ్రం పక్కన సుత్తితో గట్టిగా కొట్టాడు. ఆ అదురుకు రంధ్రం క్షణకాలం ఆకారం మారి పట్టు వదిలింది. కాడ జారి కింద పడింది.

పాత భాగాన్ని మరల మీంచి విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టాడు. కొత్తదాన్ని సరిగ్గా అన్నే చుట్లు తిప్పి ఎక్కించాడు. నట్టు గాడి పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి వదులు చేయకూడదు. చివర కొత్త స్ప్లిట్ పిన్ను వేశాడు. బండి చక్రానికి కడశీల ఎలాంటిదో, నట్టుకు ఈ పిన్ను అలాంటిది.

"ఇక పోదామా?" అన్నాను. "నెల్లూరులో అలైన్‌మెంట్ చూపించాకే" అన్నాడు. చుట్లు లెక్కపెట్టాం కదా, ఇంకెందుకు?

లెక్క వేసి చూద్దాం. ఒక చుట్టుకు టై రాడ్డు పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు మారుతుందనుకోండి. ఆర్మ్ పొడవు 12 సెంటీమీటర్లు అనుకోండి. 0.15ను 12తో భాగిస్తే 80లో 1వ వంతు. అంటే ఒక్క చుట్టు తేడా ఉన్నా, 80 మీటర్లు ముందుకు పోయేసరికి చక్రం 1 మీటరు పక్కకు పోవాలని చూస్తుంది. రెండో చక్రం దాన్ని పోనివ్వదు. కిలోమీటరుకు పన్నెండున్నర మీటర్ల ఈ పెనుగులాటను రెండు టైర్లూ సాగి, జారి భరించాలి. కొన్ని వారాల్లోనే వాటి అంచులు అరిగిపోవచ్చు. పైగా పాత భాగమూ కొత్త భాగమూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయన్న నమ్మకం లేదు. కాబట్టి విప్పి బిగించే పని చేతనైనవారు ఇంట్లో చేసుకోవచ్చు. కొలత మాత్రం కొలిచే యంత్రం ఉన్నచోటే చేయించాలి.

పిల్లలూ! ఈ పని మీరు చేయవద్దు, పెద్దలు చేస్తుంటే చూడండి. కానీ పరీక్ష చేయమని మీ ఇంట్లో చెప్పే హక్కు మీకుంది. మా అరిగిన జాయింటు ఇప్పుడు మా పాఠశాల ప్రయోగశాలలో ఉంది. ప్రతి ఏడూ పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుని కదుపుతారు. గుండు గిన్నెలో 'టక్' మంటుంది. సందు ఒక బియ్యపు గింజ మందం కూడా ఉండదు.