పేగువాపు: పసిబిడ్డకూ లేగదూడకూ ఒకే చికిత్సా సూత్రం

పుట్టిన పది రోజులకే లేగదూడ పలుచగా పారుకుంటుంటే రైతు మొదట అడిగేది విరేచనాలు కట్టే బిళ్ల, లేదా యాంటీబయోటిక్ ఇంజెక్షన్. అదే ఇంట్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నా మొదట వెతికేది ఇటువంటి మందునే. అయితే ఈ రెండు సందర్భాలలోనూ తరచుగా ప్రాణం తీసేది శరీరం నుండి పోయిన నీరు, లవణాలు. వాటిని వెంటనే తిరిగి అందించడమే చికిత్సలో మొదటి మెట్టు.

పేగులో జరిగే మార్పులు

చిన్నపేగు లోపలి పొరపై పోషకాలను గ్రహించే చూషకాలు ఉంటాయి. రోటా వైరస్, పశువుల కరోనా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవి ఈ చూషకాలను దెబ్బతీస్తాయి. అప్పుడు జీర్ణం కాని పాలు పేగులోనే నిలిచి, నీటిని లోనికి లాగుతాయి. సాల్మొనెల్లా, షిగెల్లా వంటి బ్యాక్టీరియా పేగు గోడలోకి చొచ్చుకుపోయి వాపును, పుండ్లను కలిగిస్తాయి. జ్వరం, విరేచనంలో జిగట, రక్తం వీటి లక్షణాలు. షిగెల్లా ప్రధానంగా మనుషులకు సోకుతుంది. సాల్మొనెల్లా ఇరువురినీ బాధిస్తుంది.

విషాన్ని స్రవించే ఈ.కోలై రకాలు పేగు గోడను పెద్దగా గాయపరచవు. వాటి విషప్రభావం వల్ల నీరు, లవణాలు పేగులోకి ఊరుతాయి. అందువల్ల ప్రతి విరేచనమూ పేగువాపు కాదు. ఈ తేడాను గుర్తించిన తరువాతే మందును ఎంచుకోవాలి.

దూడల్లో వయస్సును బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు. మొదటి నాలుగు రోజుల్లో ఈ.కోలై, ఒకటి నుండి మూడు వారాల మధ్య రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం, మూడు వారాలు దాటాక రక్తపారుడు కలిగించే కోక్సిడియా ఎక్కువగా కనిపిస్తాయి. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే సంక్రమిస్తాయి.

శరణార్థి శిబిరం నేర్పిన పాఠం

1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలని పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా కలిపిన ద్రావణాన్ని రోగులకు నోటి ద్వారా పట్టించారు. దానితో 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి.

పేగు కణాలలోని ఒక ప్రోటీన్ గ్లూకోజ్‌ను, సోడియంను జంటగా లోనికి చేరవేస్తుంది. వాటి వెంట నీరు వెళుతుంది. విరేచనాలు అవుతున్న సమయంలోనూ ఈ మార్గం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. దూడ పేగులోనూ ఇదే మార్గం ఉన్నందున ఇదే సూత్రం దూడకూ వర్తిస్తుంది.

చికిత్స

పిల్లలకు: ఒక లీటరు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి 24 గంటల లోపు వాడాలి. తల్లిపాలు మాన్పించరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నబిడ్డకు 10 మిల్లీగ్రాముల జింకును 10 నుండి 14 రోజులు ఇవ్వాలి. రక్త విరేచనాలు, మగత, తాగలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

దూడలకు: మెడపై చర్మాన్ని పట్టి వదిలినపుడు వెంటనే సర్దుకోకపోవడం, కళ్ళు లోతుకు పోవడం నీరు తగ్గినట్లు తెలిపే గుర్తులు. 30 కిలోల దూడ తన బరువులో 8 శాతం నీటిని కోల్పోతే ఆ లోటు 2.4 లీటర్లు. దీనికి తోడు, ఆగని విరేచనాలతో పోతున్న నీటిని కూడా భర్తీ చేయాలి. దూడల కోసం తయారైన లవణ మిశ్రమాన్ని గోరువెచ్చని నీటిలో కలిపి రోజుకు రెండు, మూడు సార్లు తాగించాలి. పాలు ఆపరాదు, అయితే లవణ ద్రావణాన్ని పాలతో కలపక, కొన్ని గంటల తేడాతో విడిగా ఇవ్వాలి. చీకే శక్తి లేక పడుకుండిపోయిన దూడకు పశువైద్యుడు రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించాలి.

వైరస్‌లపై యాంటీబయోటిక్ పనిచేయదు. జ్వరం, రక్తం, నీరసం ఉన్నపుడు వైద్యుడు నిర్ణయించి మాత్రమే వాడాలి. అనవసర వాడకం మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతుంది.

జున్నుపాల ప్రాముఖ్యం

మానవ శిశువుకు కొన్ని రక్షక ప్రతిదేహాలు గర్భంలోనే మాయ ద్వారా అందుతాయి. దూడకు ఆ అవకాశం లేదు, జున్నుపాలే దిక్కు. దూడ పేగు ప్రతిదేహాలను గ్రహించే శక్తి గంటగంటకూ తగ్గి, 24 గంటలకు దాదాపు పోతుంది. కొన్ని గ్రామాలలో మాయ పడే వరకు దూడను పొదుగు దగ్గరకు పోనివ్వరు. ఈ ఆలస్యంలో దూడ రక్షణ కోల్పోతుంది. పుట్టిన రెండు గంటల లోపు మొదటి జున్నుపాలు, తొలిరోజున మొత్తం దూడ బరువులో పదో వంతు తాగించాలి.

ఇల్లు, పాక రెండింటా నివారణ

సాల్మొనెల్లా, క్రిప్టోస్పోరిడియం పశువుల నుండి మనుషులకు సోకగలవు. కావున పారుకునే దూడను వేరుగా కట్టడం, పాకను పొడిగా ఉంచడం, దూడను తాకిన చేతులను సబ్బుతో కడగడం, పాలు కాచి తాగడం ఇంటిల్లిపాదికీ రక్షణ. హైదరాబాద్‌లో తయారైన రోటావ్యాక్ టీకా 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో చేరింది. దానిని తొలి విడతలో అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గేదె దూడలకు రెండు వారాల లోపే పశువైద్యుని సలహాతో ఏలికపాముల మందు తాగించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామానికి వెళ్ళినపుడు దూడ మెడపై చర్మాన్ని పట్టి చూసే పరీక్షను రైతు చేతనే చేయించాలి. ముఖ్యంగా దూడల పోషణ చూసే మహిళలకు నేర్పాలి. నీటి లోటును మొదటి రోజే గుర్తించగలిగిన చేతికి ఇంట్లో బిడ్డనూ, పాకలో దూడనూ కాపాడుకునే వ్యవధి దొరుకుతుంది.