తిరగేసి చూడాల్సిన అందం

పరదాల కోసం ముదురు నీలం ఇకత్ బట్ట చేతిలోకి తీసుకుని ధర అడగబోయాను. పోచంపల్లి నుంచి వచ్చిన పెద్దావిడ ధర చెప్పలేదు. ముందు ఆ బట్టను తిరగేసి నా ముందు పరిచింది. ‘‘ఎట్ల తిప్పినా ఒక్క తీరే ఉంటదమ్మా’’ అంది. నిజమే, వెనకా ముందూ ఒకే రంగు, ఒకే గళ్లు. మాదాపూర్ శిల్పారామంలో ఆ సాయంత్రం నేర్చుకున్న, తిరగేసి చూసే ఈ చిన్న అలవాటు, ఇంటికి ఏ వస్తువు తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ చెబుతోంది.

మాదాపూర్ అనగానే కంప్యూటర్ గుర్తొస్తుంది. కానీ చేతిపనులకు ఇక్కడ చోటు అంతకంటే ముందే దొరికింది. సుమారు 65 ఎకరాల శిల్పారామానికి 1992లోనే అంకురం పడింది. ఆరేళ్ల తర్వాత, 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఇక్కడి ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2019లో మెట్రో హైటెక్ సిటీకి వచ్చాక ఇక్కడికి రావడం తేలికైంది. టికెట్ కొని లోపలికి అడుగుపెడితే పాత బండరాళ్లు, చెట్లు, కుమ్మరి సారె, మగ్గం, మట్టిగోడల ఇళ్లతో పల్లె మ్యూజియం. అది దాటితే వరసగా దుకాణాలు. ఇక్కడి అసలు సంపద వాటిలో కూర్చున్న మనుషులే. వస్తువు చేసిన చేతినే అడిగి తెలుసుకునే వీలు షాపింగ్ మాల్‌లో దొరకదు.

దారంలోనే దాగిన బొమ్మ

ఇకత్ రెండు వైపులా ఒకేలా ఉండటానికి కారణం ఉంది. రంగు పడేది బట్ట మీద కాదు, దారం మీద. రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పట్టీలతో బిగించి కట్టి అద్దుతారు. మరో రంగు కావాలంటే కట్లు విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ అద్దుతారు. మగ్గం ఎక్కేసరికే డిజైన్ నూలులో సిద్ధంగా ఉంటుంది. గళ్ల అంచులు కాస్త చెదిరినట్టు కనిపించేది అందుకే. అది లోపం కాదు, చేతి సంతకం. ప్రింటు వేసిన నకలైతే సాధారణంగా వెనక వైపు వెలవెలబోతుంది.

ఈ పనిలో నూలును మేకుల చుట్టూ చుట్టే ‘ఆసు పోయడం’ మరీ కష్టం. ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కోడ్ రాసేవాళ్ల నడుమ ఈ కథ చెప్పుకోవాలి. అవసరాన్ని అంత దగ్గరగా చూసినందుకే పుట్టిన ఆవిష్కరణ అది.

చింతగింజ విలువ

మనం చింతపండు పిసికి పారేసే గింజే ఈ దుకాణాల్లోని చేర్యాల మాస్కులకు, కొండపల్లి బొమ్మలకు ప్రాణం. చేర్యాల మాస్కును రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో మలుస్తారు. చిన్నవాటికి కొబ్బరిచిప్పే ఆధారం. కొండపల్లి బొమ్మ కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, అతికించేదీ అలాంటి ముద్దతోనే. బొమ్మ ఎత్తి చూడండి, తేలికైన పొనికి చెక్క చేతికే తెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మది మరో తీరు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ముక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. గింజలు, బెరళ్లు, వేర్ల నుంచి తీసే సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

ఇవన్నీ అద్దాల బీరువాలో దాచుకోవడానికి కాదు. కొండాపూర్, గచ్చిబౌలి అద్దె ఫ్లాట్లలో గోడకు మేకు కొట్టనివ్వకపోవచ్చు. కిటికీకి ఇకత్ పరదా వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తే చాలు. ఏటికొప్పాక డబ్బాలో పోపు దినుసులో, గాజులో పెట్టుకోవచ్చు. చేర్యాల మాస్కును తడి తగలని గోడ వారగా అరలో నిలబెట్టొచ్చు. ఒకేసారి ఇల్లు నింపేయొద్దు. ఏడాదికి రెండు మూడు వస్తువులు, అవీ రోజూ చేతికి తగిలేవి కొందాం. వాడకంలో ఉన్న కళకే మళ్లీ గిరాకీ పుడుతుంది. ఆ గిరాకీ ఉంటేనే తర్వాతి తరం మగ్గం ముందు కూర్చుంటుంది.

మొన్న పక్క ఫ్లాట్ పాప మా ఇంటికొచ్చింది. వాళ్లది వేరే రాష్ట్రం. అరలోని ఎర్రటి మాస్కు తీసుకుని ముఖానికి పెట్టుకుని నవ్వింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే దాన్ని తిరగేసింది. ‘‘ఆంటీ, ఇది కొబ్బరిచిప్ప!’’ అని అరిచింది. చేర్యాల మాస్కు అని చెప్పాను. దాన్ని చేతిలో పట్టుకునే, చేర్యాల ఎక్కడుందని అడిగింది.