తానరిగి ట్యాంకును కాచే కడ్డీ

అమెరికాలో ఆర్వీ అంటే చక్రాల మీది ఇల్లు. వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ అందులోనే. బయటి గోడకున్న చిన్న తలుపు తెరిస్తే గీజర్ కనిపిస్తుంది. చాలా బళ్లలో దాని ట్యాంకు 6 గ్యాలన్లు, అంటే సుమారు 23 లీటర్లు. సబర్బన్ అనే కంపెనీ గీజర్లలో ట్యాంకు ఉక్కుది, లోపల పింగాణీ పూత. పూత ఎక్కడ బీటలిచ్చినా వేడినీళ్లు ఉక్కును తినేయాలి. తినవు, ఎందుకంటే వాటికి ఎరగా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంది. అదే ఆనోడ్ రాడ్.

ఈ ఉపాయం వయసు రెండు వందల ఏళ్లు. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున తాపిన రాగి రేకులను సముద్రపు నీరు తినేస్తుంటే, హంఫ్రీ డేవీ 1824లో విరుగుడు చెప్పాడు: రాగికి చిన్న జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే అది కరుగుతుంది, రాగి నిలుస్తుంది. రాగి నిలిచింది గానీ, నాచూ గుల్లలూ పేరుకుని ఓడలు నెమ్మదించాయి. అంతవరకూ వాటిని దరిచేరనీయనిది నీటిలో కరిగే ఆ రాగే! నౌకాదళం పద్ధతిని వదిలేసింది, సూత్రం మాత్రం బతికింది.

ఇనుము కంటే మెగ్నీషియం తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. అవి ఉక్కుకు అందుతున్నంత కాలం ఉక్కుకు తుప్పు పట్టదు. అందుకే ఏడాదికోసారైనా కడ్డీని చూడాలి. ముందు గ్యాస్, కరెంటు, నీటి పంపు ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారనివ్వాలి. ప్రెజర్ వాల్వ్ పిడి ఎత్తి ఒత్తిడి వదిలాకే 1-1/16 అంగుళాల సాకెట్‌తో కడ్డీ విప్పాలి. కొత్తప్పుడు నున్నగా ఉండే కడ్డీ గుంటలు పడి, సన్నబడి, నడిమి ఇనుప తీగ బయటపడి కనిపిస్తుంది. ముప్పాతిక వంతు అరిగిందంటే మార్చాల్సిందే. అదే రంధ్రంలోంచి నీళ్లు కొట్టి, అడుగున చేరిన సున్నపు పెచ్చులను కడిగేయాలి. కొత్త కడ్డీ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. పంపు వేసి ట్యాంకు నింపి, వేడినీళ్ల కుళాయిలోంచి గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే కరెంటు వేయాలి. ఖాళీ ట్యాంకులో హీటింగ్ ఎలిమెంట్ చూస్తుండగానే కాలిపోతుంది.

మన ఇళ్లలోని స్టోరేజీ గీజర్లలోనూ చాలావాటికి ఈ కడ్డీ ఉంటుంది. ఈసారి సర్వీసుకొచ్చిన మెకానిక్‌ను దాన్ని విప్పి చూపించమనండి. కారిపోయే ట్యాంకుకు మరమ్మతు లేదు, అరిగిన కడ్డీకి మారు కడ్డీ ఉంది.