జవాబుల బ్యాంకు

2008 సెప్టెంబరు 15వ తేదీని బ్యాంకుల్లో పనిచేసేవాళ్లం అంత తేలిగ్గా మరచిపోలేం. అమెరికాలో నూట యాభై ఏళ్లు దాటిన లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకున్న రోజది. నమ్మకం పోతే ఎంతటి సంస్థ అయినా నిలవదని లోకానికి తెలిసొచ్చింది. విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే రోజున అదే దేశంలో, సభ్యుల దగ్గర పైసా తీసుకోకుండా, వారి పరస్పర నమ్మకం మీదనే నడిచే మరో సంస్థ అందరికీ తలుపులు తెరిచింది. దాని పేరు స్టాక్ ఓవర్‌ఫ్లో. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే ఇంటర్నెట్ వేదిక అది.

మా హోసూరు నుంచి పొద్దున్నే బెంగళూరు బస్సెక్కే సాఫ్ట్‌వేర్ పిల్లల్ని అడిగి చూడండి, ఆ పేరు వినని వారుండరు. దాని సంగతి తెలియనిది మన పెద్దవాళ్లకే. నేను బి.కాం. చదివినవాణ్ణి, ప్రోగ్రాము రాయడం రాదు. అయినా మా అమ్మాయి చెబుతుంటే, ఇదేదో మా లెడ్జర్ పద్ధతిలాగే ఉందే అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

దీన్ని మొదలుపెట్టినవారు జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పాల్‌స్కీ. ఇద్దరూ ప్రోగ్రామర్లే. స్పాల్‌స్కీ లోగడ మైక్రోసాఫ్ట్‌లో, మనం ఆఫీసుల్లో రోజూ వాడే ఎక్సెల్ మీద పనిచేశారు. అంతకుముందు ప్రోగ్రామర్లకు కావలసిన జవాబులు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉండేవి. కొన్ని చోట్ల డబ్బు కట్టమనేవారు.

ఈ అవస్థ మాకూ కొత్త కాదు. మా శాఖకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో సాయంత్రం లెక్క టాలీ కాకపోతే, పైఆఫీసులో విషయం తెలిసిన ఒకే ఒక్క పెద్దమనిషికి ఫోను చేసేవాళ్లం. ఆయన చెప్పేవారు, పని జరిగిపోయేది. మర్నాడు పక్క ఊరి శాఖవాళ్లు అదే ప్రశ్నతో ఆయనకే ఫోను చేసేవారు. ఎవరమూ రాసిపెట్టలేదు. ఆయన రిటైరయ్యాక ఆ జవాబులన్నీ ఆయనతోపాటే ఇంటికి వెళ్లిపోయాయి.

స్టాక్ ఓవర్‌ఫ్లో చేసిన పని ఆ ఫోను సంభాషణను నలుగురూ చూసే పుస్తకంలోకి ఎక్కించడం. ఒకరు ప్రశ్న రాస్తారు, తెలిసినవారు జవాబులు రాస్తారు. చదివినవారు ఓట్లు వేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చిన జవాబు పైకి చేరుతుంది. మంచి జవాబుకు పడే ప్రతి ఓటుకూ రాసినవారి ఖాతాలో 10 పాయింట్లు జమ అవుతాయి. అడిగినవారే ‘ఇదే నాకు పనికొచ్చింది’ అని గుర్తు పెడితే మరో 15. తప్పుడు జవాబుకు కోత కూడా ఉంది. ఈ పాయింట్లతో ఏమీ కొనలేం, కానీ నిల్వ పెరిగేకొద్దీ అధికారాలు పెరుగుతాయి. 2,000 దాటితే ఇతరుల రాతలను ఎవరి అనుమతీ లేకుండా సరిదిద్దవచ్చు. జాన్ స్కీట్ అనే ప్రోగ్రామర్ 2018లో అందరికంటే ముందుగా పది లక్షల పాయింట్లకు చేరుకున్నారు.

అలా అక్కడ 2 కోట్లకు పైగా ప్రశ్నలు పోగయ్యాయి. చదవడానికి రుసుము లేదు, పేరు చెప్పనక్కర లేదు. తరగతిలో లేచి అడగడానికి సిగ్గుపడే పిల్లలకు, ఊళ్లో చెప్పేవారు లేని పిల్లలకు ఇదెంత ఆసరాయో ఆలోచించండి.

లోపాలూ లేకపోలేదు. కొత్తవారు తెలియక అడిగితే, ‘ఇది ముందే అడిగారు’ అంటూ ప్రశ్నను మూసేయడం, చిన్నబుచ్చడం ఎక్కువైంది. కొత్తవారిని ఆదరించలేకపోతున్నామని 2018లో సంస్థే ఒప్పుకుంది. 2021లో ప్రోసస్ అనే కంపెనీ దీన్ని 180 కోట్ల డాలర్లకు కొన్నది. జవాబులు రాసినవారికి అందులో చిల్లిగవ్వ రాలేదు. వారు రాసింది డబ్బు కోసం కాదనుకోండి.

అసలు పరీక్ష 2022 నవంబరులో చాట్ జీపీటీ రావడంతో మొదలైంది. ఏది అడిగినా క్షణంలో చెబుతుంది, విసుక్కోదు. దాంతో స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. కానీ ఇలాంటి యంత్రాలకు ప్రోగ్రామింగ్ నేర్పిన పాఠాల్లో ఆ వేలాది మంది ఉచితంగా రాసిన జవాబులూ ఉన్నాయి. 2024లో సంస్థ ఆ యంత్రాన్ని తయారుచేసిన ఓపెన్ ఏఐతో ఒప్పందం చేసుకున్నప్పుడు, కొందరు కోపంతో తాము రాసినవి తామే చెరిపేయబోయారు.

బ్యాంకు ఉద్యోగిగా నాకు పట్టుకున్న దిగులు ఇదే. తీసేవారు పెరిగి, వేసేవారు తగ్గితే ఏ ఖాతా అయినా ఎన్నాళ్లు నిలుస్తుంది? రేపు కొత్త యంత్రం, కొత్త చిక్కు వస్తే, దాన్ని మొదట విప్పిన మనిషి ఎక్కడో రాసిపెట్టకపోతే తరువాతివారికి ఎలా అందుతుంది?

మన పిల్లలు ఆ ఖాతా నుంచి చాలా తీసుకున్నారు. ఏ దేశంవారో, ఏ భాషవారో, ముఖం చూడనివారు రాసిన జవాబులతో వారి ఉద్యోగాలు నిలబడ్డాయి. ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: ‘నువ్వు కూడా ఎవరికైనా ఒక జవాబు రాశావా?’ మా అమ్మాయిని అడిగాను. ఇప్పటికి పదకొండు రాసిందట. ఆ మాట విన్నప్పుడు, దాని జీతం ఎంతో తెలిసిన రోజుకన్నా ఎక్కువ సంతోషం కలిగింది.