ఆ కణితులు అంటుకోవు

ఒంటినిండా మెత్తని కణితులున్న మనిషి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగానే ఉండిపోతుంది. అంటుకుంటుందేమోనని భయం. చదువుకున్నవాళ్లూ ఇదే అడుగుతుంటే బాధేస్తుంది. న్యూరోఫైబ్రొమటోసిస్ టైప్ 1 ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. అది జన్యువులో ఉన్న లోపం. పుట్టే మూడువేల మందిలో దాదాపు ఒకరికి ఉంటుంది.

17వ క్రోమోజోమ్ మీదున్న ఆ జన్యువును 1990లో గుర్తించారు. దాని పని తెలియాలంటే చెరువు తూము తీసి మూసే నీరటిని తలుచుకోవాలి. కణాన్ని పెరగమనే రాస్ అనే ప్రొటీన్ తూములోంచి వచ్చే నీరు. మడి తడవగానే తూము మూసే నీరటి, ఈ జన్యువు తయారుచేసే న్యూరోఫైబ్రొమిన్ అనే ప్రొటీన్. మనలో ప్రతి మడికీ, అంటే ప్రతి కణానికీ, ఇద్దరు నీరటులు, తల్లి ఇచ్చిన జన్యువు నుంచి ఒకరు, తండ్రి ఇచ్చిన జన్యువు నుంచి ఒకరు. ఈ జబ్బున్నవారికి పుట్టుకతోనే ఒక్కడే. వాడే ఎలాగో నెట్టుకొస్తాడు. నరానికి తొడుగులా ఉండే ష్వాన్ కణాల్లో ఏదో ఒకదానిలో వాడూ పోతే ఇక తూము మూసే దిక్కుండదు. మడి నిండి, గట్టు తెగి, పక్క మళ్లూ మునుగుతాయి. అదే కణితి. ఏ మడిలో నీరటి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు. తండ్రికి కొద్దిపాటి మచ్చలతో పోయినా, కొడుక్కి వందల కణితులు రావడానికి ఇదొక కారణం.

"మా వంశంలో ఎవరికీ లేదే" అంటారు. ఇంచుమించు సగం మందిలో ఈ మార్పు కొత్తగా పుట్టిందే. అది తెలియక కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తల్లిని ఆడిపోసుకుంటారు, నాగదోషమని పూజలు చేయిస్తారు. ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆ నింద ఇక ఆగాలి. జబ్బున్నవారికి పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. పిల్లల్ని కనాలనుకునేవారు ముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవాలి.

పసిపిల్లల ఒంటిమీద 5 మిల్లీమీటర్లు మించిన కాఫీరంగు మచ్చలు ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే వైద్యులకు చూపించాలి. ఏటా కళ్లు, వెన్నెముక, రక్తపోటు పరీక్షించాలి. చూపునరం మీద కణితి చిన్న వయసులోనే రావచ్చు. చాలామంది పిల్లలు చదువులో తడబడతారు. వాళ్లను మొద్దులనకండి, వాళ్లకు కావలసింది విడిగా నేర్పే ఓపిక. యుక్తవయసులోనూ గర్భంతో ఉన్నప్పుడూ కణితులు పెరగొచ్చు. స్త్రీలకు రొమ్ము పరీక్షలు 30 ఏళ్లకే మొదలవ్వాలి.

నరాల వెంట అల్లుకుపోయి కోసి తీయలేని కణితులున్న పిల్లలకు 2020లో అమెరికా సెలుమెటినిబ్ మందును అనుమతించింది. తూము మూయలేకపోయినా దిగువ కాలువకు అడ్డుకట్ట వేస్తుందది. చాలామందిలో కణితి కుంచించుకుపోయింది, మాయం మాత్రం కాలేదు. ఏళ్లుగా కదలని కణితి ఉన్నట్టుండి పెరిగినా, గట్టిపడినా, రాత్రి నిద్రలేపేంత నొప్పి పుట్టినా అది క్యాన్సర్ కావచ్చు. పసర్లు, కట్లతో వారాలు గడపకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.