పాతబస్తీ తబేలాల్లో పాడిరేఖ: పాల దిగుబడి క్రమం, పశువు భవితవ్యం

వ్యాససంగ్రహం
పాడిపశువు ఈనిన నాటి నుంచి వట్టిపోయే నాటి వరకు పాల దిగుబడి ఒకే తీరున ఉండదు. కొన్ని వారాలు పెరిగి, గరిష్ఠస్థాయిని అందుకొని, ఆపై క్రమంగా తగ్గుతుంది. ఈ క్రమాన్ని వివరించి, హైదరాబాదు పాతబస్తీ తబేలాల్లో పశువు ఎంపికకూ, దానిని ఉంచుకునే కాలానికీ ఈ క్రమంతో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాడికాలం, పాడిరేఖ, గరిష్ఠ దిగుబడి, నిలకడ, ముర్రా గేదె, తబేలా, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం
చార్మినార్ పరిసరాల్లోని ఇరానీ హోటళ్ళకూ, మిఠాయి దుకాణాలకూ చిక్కటి పాలు ఏడాది పొడవునా కావాలి. రంజాన్ మాసంలో ఈ గిరాకీ మరింత పెరుగుతుంది. ఈ అవసరానికి ఆవు కంటె గేదె అనుకూలం. తెలంగాణలో ‘బర్రె’గా వ్యవహరించే ఈ పశువు పాలలో వెన్న దాదాపు 7 శాతం ఉంటుంది. హర్యానా నుంచి వచ్చే ముర్రా గేదెలకు నగరంలో ప్రత్యేకమైన ఆదరణ ఉంది. గిరాకీ నిలకడగా ఉన్నా, పశువు ఇచ్చే పాలు నిలకడగా ఉండవు. తబేలా నిర్వహణలోని ప్రధాన సమస్య ఇదే.

2. పాడిరేఖ స్వరూపం
ఈనిన తరువాత మొదటి నాలుగైదు రోజులు జున్నుపాలు వస్తాయి. అనంతరం దిగుబడి పెరుగుతూ సుమారు 6–8 వారాలకు గరిష్ఠస్థాయిని చేరుతుంది. అక్కడి నుంచి వట్టిపోయే వరకు తగ్గుదలే. ఆవుల పాడికాలాన్ని పోల్చడానికి 305 రోజులను ప్రమాణంగా తీసుకోవడం శాస్త్రసమ్మతమైన పద్ధతి. తరువాతి ఈతకు ముందు 60 రోజులు పాలు పితకకుండా పొదుగుకు విశ్రాంతి ఇవ్వాలి.

ఈ పెరుగుదల, తగ్గుదలలను ఒకే గణిత సూత్రంలో ఇమిడ్చిన పరిశోధకుడు వుడ్. 1967లో ప్రతిపాదించిన ఆయన సూత్రంలో మూడు అంశాలున్నాయి: ఆరంభ స్థాయి, పెరిగే వేగం, తగ్గే వేగం. గరిష్ఠస్థాయి తరువాత తగ్గే వేగం ఎంత తక్కువగా ఉంటే పశువుకు అంత ‘నిలకడ’ ఉన్నట్లు. పాలు తగ్గేకొద్దీ వెన్న శాతం సాధారణంగా పెరుగుతుంది. అందువల్ల వెన్న ఆధారంగా వెల కట్టేచోట ఆదాయం లీటర్లంత వేగంగా పడిపోదు.

3. తగ్గుదలకు కారణాలు
పాల ఉత్పత్తి పొదుగులోని స్రావకణాల సంఖ్యపైనా, వాటి చురుకుదనంపైనా ఆధారపడుతుంది. గరిష్ఠస్థాయి దాటాక కొత్తగా ఏర్పడే కణాల కంటె నశించే కణాలు ఎక్కువవుతాయి. ఈ సహజ క్రమాన్ని మరికొన్ని పరిస్థితులు వేగవంతం చేస్తాయి.

మొదటిది మేత. ఈనిన తొలి వారాల్లో పశువు తినగలిగిన దాని కంటె పాల రూపంలో కోల్పోయే శక్తే ఎక్కువ. ఆ లోటును ఒంటి కొవ్వు పూరిస్తుంది. నగర తబేలాలకు మూసీ వెంట పండే పారాగడ్డి ప్రధానమైన పచ్చిమేత. అధిక పాలిచ్చే పశువుకు ఆ గడ్డి ఒక్కటే చాలదు. దాణా తోడు కావాలి.

రెండవది చేపు. గేదె పాలలో సుమారు 95 శాతం పొదుగులోని సూక్ష్మకోశాల్లోనే ఉంటాయి. చేపు వస్తేనే అవి చనుకట్టులోకి దిగుతాయి. దూడ చనిపోతే చేపు కుంటుపడవచ్చు. పొదుగులో మిగిలిపోయిన పాలు తదుపరి స్రావాన్ని అణచివేస్తాయి. అంటే దూడను కాపాడుకోవడం పాడిరేఖను కాపాడుకోవడమే. దూడకు బదులుగా పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందులతో పాలు దింపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షను ప్రకారం నేరం.

మూడవది ఎండ. గేదెకు స్వేదగ్రంథులు తక్కువ, చర్మం నలుపు. నీటిలో పొర్లే వీలు లేని ఇరుకు తబేలాలో వేసవి తాపం మేతనూ, పాలనూ తగ్గిస్తుంది.

4. గరిష్ఠమా, నిలకడా?
సంతలో పశువు వెల ప్రధానంగా పూటకు ఎన్ని లీటర్లన్న దానిపైనే తేలుతుంది. అది రేఖలోని ఒక్క బిందువు మాత్రమే. ఒక ఊహాత్మక ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది. ‘అ’ అనే గేదె సగటున రోజుకు మొదటి నెలలో 12, రెండో నెలలో 14 లీటర్లు ఇచ్చి, ఆపై నెలకు 12 శాతం చొప్పున తగ్గుతుందనుకుందాం. ‘ఆ’ అనే గేదె 10, 12 లీటర్లతో మొదలై నెలకు 5 శాతమే తగ్గుతుందనుకుందాం. నెలకు 30 రోజుల లెక్కన మొత్తాలు ఇలా ఉంటాయి.

7 నెలలకు: ‘అ’ 2,235 లీటర్లు, ‘ఆ’ 2,207 లీటర్లు.
8 నెలలకు: ‘అ’ 2,430 లీటర్లు, ‘ఆ’ 2,472 లీటర్లు.
10 నెలలకు: ‘అ’ 2,752 లీటర్లు; ‘ఆ’ 2,962 లీటర్లు.

ఏడు నెలలకే పశువును అమ్మదలచిన యజమానికి ‘అ’ మేలు. పాడికాలమంతా ఉంచుకొనే యజమానికి ‘ఆ’ మేలు. కాబట్టి గరిష్ఠ దిగుబడిని మాత్రమే చూసి కొనడం కేవలం అజ్ఞానం కాదు. పశువును త్వరగా వదిలించుకొనే వ్యవస్థకు తగిన లెక్క అది. స్థలం, మేత, నీరు అన్నీ కొనుక్కోవలసిన పాతబస్తీలో వట్టిపోయిన గేదెను తరువాతి ఈత వరకు పోషించడం భారం. దానికితోడు గేదెల్లో మూగ ఎద సాధారణం. ఎదను గుర్తించక చూడి కట్టించకపోతే, పాలు తగ్గిన నాడు పశువును ఉంచుకోవడానికి కారణమే మిగలదు. అప్పుడు అది కబేళాకు చేరితే, యజమాని నష్టపోయేది ఒక పశువునే కావచ్చు. మేలైన జాతిలో రావలసిన తరువాతి తరం మాత్రం శాశ్వతంగా పోతుంది.

5. రుతువు, గిరాకీ
గేదెలు ఎక్కువగా వర్షాకాలం నడిమి నుంచి శీతాకాలం తొలినాళ్ళ వరకు ఈనుతాయి. అందువల్ల వేసవి నాటికి మందలో అధికభాగం రేఖ చివరిభాగంలో ఉంటుంది. రంజాన్ మాసం మాత్రం ఏటా 10–12 రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. అది వేసవిలో వచ్చిన ఏళ్ళలో గిరాకీ శిఖరం, దిగుబడి పల్లం ఒకేసారి ఎదురవుతాయి. వేర్వేరు నెలల్లో ఈనే పశువులను మందలో కలిపి ఉంచడమే దీనికి విరుగుడు.

6. ముగింపు
పశువు విలువను ఒక పూట పాలతో కాక పాడిరేఖ మొత్తంతోనూ, ఈతకూ ఈతకూ మధ్య ఉండే వ్యవధితోనూ కొలవాలి. నెలకొకసారి ప్రతి పశువు పాలను కొలిచి రాసి ఉంచితే చాలు, నిలకడను లెక్కించవచ్చు. చూడి కట్టిన వట్టి గేదెలను నగరం వెలుపలి గ్రామాల్లో పోషింపజేసే ఏర్పాటు ఉంటే, పై లెక్క ‘ఆ’ వైపు మొగ్గుతుంది. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పాతబస్తీకి చేరువలోనే ఉంది. తబేలాల నెలవారీ పాల లెక్కలు అక్కడి పరిశోధకులకు విలువైన క్షేత్రసామగ్రి కాగలవు.