హద్దురాయికి ఎన్ని బిట్లు?

కరీంనగర్ తూర్పు రేఖాంశం 79.13 డిగ్రీల దగ్గర ఉంది. అట్లాసులో ఊరిని గుర్తించడానికి ఆ రెండు దశాంశ స్థానాలు చాలు. మరి కంప్యూటరు తెరమీద ఒక పొలం గట్టు గీయాలంటే?

కంప్యూటరు దశాంశ సంఖ్యను సాధారణంగా 32 బిట్లలో దాచుకుంటుంది. అందులో అంకెలకు దక్కేవి 24 ద్విసంఖ్యా స్థానాలే. 79ని ఆ పద్ధతిలో 1001111 అని రాస్తాము. ఏడు స్థానాలు దానికే పోయాయి, మిగిలినవి 17. అంటే మన రేఖాంశాలు డిగ్రీలో 1,31,072వ వంతు మెట్లలోనే నడుస్తాయి. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 105 కిలోమీటర్లు. భాగించి చూడండి, మెట్టు 80 సెంటీమీటర్లు! నడుమ ఉన్న హద్దురాయి ఏదో ఒక మెట్టు మీదికి జరగక తప్పదు. గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే పల్లెల్లో ఇది చిన్న తేడా కాదు.

64 బిట్ల సంఖ్య వాడితే మెట్టు మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా ఉండదు. అయితే అన్నిచోట్లా అవే వాడవచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది చిక్కు.

గణితంలో మనం శీర్షం అంటామే, పొలం మూల వంటి ఆ బిందువు గురించిన వివరాలను బొమ్మలు గీసే చిప్పుకు అరలలో పెట్టి అందించాలి. ఒక అరలో స్థానం, మరొక అరలో రంగు, ఇలా. ఓపెన్‌జీఎల్ నియమాల ప్రకారం కనీసం 16 అరలుండాలి. ఒక్కొక్క అరలో 128 బిట్లు పడతాయి. స్థానానికి మూడు సంఖ్యలు కావాలి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు. 32 బిట్లవైతే మొత్తం 96, సుఖంగా ఇముడుతాయి. 64 బిట్లవైతే 192. రెండో అర తెరవాల్సిందే!

ఇటువంటి సంఖ్యలను శీర్షాలకు 2010లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 4.1 అనుమతించింది. ప్రోగ్రాము రాసేవారికి అది ఒకే అరగా కనబడుతుంది, లోపల మాత్రం రెండు కావచ్చు. ఈ లెక్క చూసుకోవలసింది డ్రైవరు, అంటే ప్రోగ్రాము మాటను చిప్పుకు అందజేసే మధ్యవర్తి. 1993లో బ్రయాన్ పాల్ మొదలుపెట్టిన మెసా అటువంటి డ్రైవర్ల సముదాయం. దాని రాత ఎవరైనా చదువుకోవచ్చు. పెద్ద సంఖ్యల వివరాలను మెసా రెండేసి అరలుగా లెక్కిస్తుంది. అలాంటివి తొమ్మిది ఉంటే 18 అరలు కావాలి. ఉన్నవి 16 అయితే, ప్రోగ్రామును ముందే నిరాకరించి కారణం చెబుతుంది. లెక్క తప్పితే ఎత్తు వెళ్లి రంగు అరలో కలగాపులగమయ్యేది.

ఇంకో ఉపాయం ఉంది. మన సర్వేయర్లు గొలుసును భూమధ్యరేఖ నుంచి లాగరు గదా! ఊరి రాయి నుంచే కొలుస్తారు. అలాగే కరీంనగర్ స్థానాన్ని 64 బిట్లలోనే ముందుగా తీసివేసి, తేడాను మాత్రం 32 బిట్లలో చిప్పుకు పంపవచ్చు. తేడా 0.01 డిగ్రీ అయితే మెట్టు మిల్లీమీటరులో పదో వంతు. అర ఒక్కటే చాలు. కాని అదే రాయి నుంచి 78.53 డిగ్రీల దగ్గరున్న ఆదిలాబాద్‌ను కొలిస్తే తేడా 0.6 డిగ్రీ, మెట్టు 6 మిల్లీమీటర్లు. అందుకే గోదావరి దాటాక మరో రాయి పాతుకోవడం మంచిది.